మబ్బుల్లో ఉద్దెర ఖాతా

"అన్నా, క్లౌడు నేర్చుకోవాలి, ఎక్కడ మొదలుపెట్టమంటావ్?" అని అడిగే జూనియర్లకి నేను చెప్పే సమాధానం ఒకటే. మౌసు పక్కన పెట్టు, నల్ల తెర తెరువు. ఈ మాట అనగానే సగం మంది మళ్ళీ ఫోన్ చెయ్యరు :) మిగతా సగం మంది కోసం ఈ టపా.

ముందే ఒక మాట చెప్పేస్తే మంచిది. నేనేదో కమాండు లైను భక్తుణ్ణి, మౌసు ముట్టుకుంటే మైల పడతాననుకునే రకం కాదు. గ్రాఫులు చూడాలన్నా, నెల నెలా ఖర్చు ఎలా పెరిగిందో ఒక్క చూపులో తెలియాలన్నా బ్రౌజరే హాయి. నా వాదన చాలా చిన్నది. క్లౌడు ఖాతా అంటే అసలేమిటో అర్థం కావాలంటే, మొదటిసారి దాన్ని కమాండు లైను నుంచే అమర్చుకోవాలి. మా జహీరాబాదు లాంటి ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళకి ఇది ఇంకా ఎక్కువ అవసరం.

జహీరాబాదు తెలియనివాళ్ళకి: హైదరాబాదు నుంచి ముంబై హైవే మీద (పాత 9, ఇప్పటి 65) వంద కిలోమీటర్ల పైచిలుకు. 2016 దాకా మెదక్ జిల్లా, ఆ తర్వాత సంగారెడ్డి జిల్లా. మహీంద్రా ట్రాక్టర్ల ఫ్యాక్టరీ, చెరకు, అల్లం, ఆలుగడ్డ, పక్కనే బీదరు. ఒకే వాక్యంలో తెలుగు, ఉర్దూ, కన్నడం మూడూ దొర్లే ఊరు. నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తాను. వారంలో మూడు రోజులు ఆఫీసు, మిగతా రోజులు ఇంటి నుంచే పని. ఆదివారాలు మా బాబాయి కొడుకు, వాడి ఇద్దరు దోస్తులు మా ఇంటికొస్తారు. ముగ్గురూ ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం. ముగ్గురికీ కలిపి ఒకటిన్నర లాప్‌టాప్. (రెండోది ఛార్జరు పెడితేనే నడుస్తుంది, కరెంటు పోతే అది కూడా పోతుంది. అందుకని దాన్ని సగం కింద లెక్కేశాం.)

వాళ్ళకి మొదటి రోజు చెప్పిన పాఠంలో కంప్యూటర్ ఊసే లేదు. కిరాణా కొట్టు గురించి చెప్పాను. మా దగ్గర అరువుని ఉద్దెర అంటాం. నెలంతా సామాను తెచ్చుకుంటాం, సేటు ఖాతా పుస్తకంలో రాసుకుంటాడు, నెలాఖరుకి లెక్క చూసి కడతాం. క్లౌడు ఖాతా కూడా అచ్చం ఇదే. ముందు వాడుకో, తర్వాత కట్టు. కాకపోతే మూడు తేడాలున్నాయి. ఒకటి, సేటుకి మన మొహం తెలుసు, క్లౌడుకి మన తాళం చెవి మాత్రమే తెలుసు. ఆ చెవి ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మనం. రెండు, సేటుది ఒకటే కొట్టు. ఏడబ్ల్యూఎస్‌కి ప్రపంచమంతా కలిపి ముప్పైకి పైగా రీజియన్లున్నాయి, ఏ కొట్లో ఏం తీసుకున్నామో మనమే గుర్తుపెట్టుకోవాలి. మూడు, బాకీ పెరిగితే సేటు "పాతది కట్టి తీసుకుపో బేటా" అంటాడు. క్లౌడు అనదు. మామూలు ఖాతాలో అడిగినంతా ఇస్తూనే పోతుంది.

ఈ మూడు తేడాలూ బుర్రకెక్కితే క్లౌడు సగం వచ్చినట్టే. బ్రౌజర్ పేజీ చేసేదల్లా ఈ మూడిట్నీ కనపడకుండా అందంగా దాచడం. కమాండు లైను మొదటి నిమిషంలోనే వీటిని మొహమ్మీద అడుగుతుంది. ఎలాగో చూద్దాం.

(కమాండ్లని ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తున్నాను. కొట్టేటప్పుడు మాత్రం ఇంగ్లీషు చిన్నక్షరాలే కొట్టండి. యంత్రానికి ఇంకా భాషాభిమానం అబ్బలేదు :))

ఏడబ్ల్యూఎస్ కమాండు లైను సాధనం 2013లో పూర్తిస్థాయిలో విడుదలైంది. రెండో వెర్షన్ 2020 ఫిబ్రవరిలో వచ్చింది. అది వేసుకుని "ఏడబ్ల్యూఎస్ కాన్ఫిగర్" అని కొట్టి ఎంటర్ నొక్కితే నాలుగంటే నాలుగే ప్రశ్నలు అడుగుతుంది. యాక్సెస్ కీ ఐడీ ఏమిటి? సీక్రెట్ కీ ఏమిటి? ఏ రీజియన్? జవాబు ఏ రూపంలో కావాలి? మామూలు భాషలో చెప్పాలంటే: నువ్వెవరు, రుజువేది, ఎక్కడ, ఎలా. ఇంతకన్నా సూటిగా క్లౌడు పాఠం చెప్పిన పుస్తకం నాకింతవరకు కనపడలేదు.

మొదటి రెండు ప్రశ్నలూ కలిపి చూద్దాం. యాక్సెస్ కీ ఐడీ ఇరవై అక్షరాలుంటుంది, సీక్రెట్ కీ నలభై. సీక్రెట్ కీని సృష్టించినప్పుడు ఒక్కసారే చూపిస్తారు, మళ్ళీ చూపించమన్నా చూపించరు. ఇవి మీ కంప్యూటర్లో హోమ్ ఫోల్డరు కింద చుక్కతో మొదలయ్యే ఒక దాపుడు ఫోల్డర్లో, "క్రెడెన్షియల్స్" అనే ఫైల్లో పడి ఉంటాయి. ఆ ఫైలు తెరిచి చూస్తే మా పిల్లలు నోరెళ్ళబెట్టారు. తాళమూ లేదు, గుప్తలిపీ లేదు, మామూలు పాఠం! "అన్నా, ఇది ఎవడన్నా కాపీ కొడ్తే?" అన్నాడు ఒకడు. అదే తమ్మీ, సరిగ్గా అదే ప్రశ్న అడగాలి. బ్రౌజర్లో లాగిన్ అయ్యేవాడికి ఈ ప్రశ్న నెల దాటినా రాదు.

కాపీ కొడితే ఏమవుతుందో చూడాలంటే 2014 నాటి కోడ్ స్పేసెస్ కంపెనీ కథ చాలు. ఇతరుల సోర్స్ కోడు భద్రంగా దాచిపెట్టే వ్యాపారం వాళ్ళది. ఆ ఏడాది జూన్‌లో ఎవరో వాళ్ళ ఏడబ్ల్యూఎస్ ఖాతాలోకి చొరబడి డబ్బు డిమాండ్ చేశారు. కంపెనీవాళ్ళు ఖాతాని తిరిగి చేజిక్కించుకోబోతే, సర్వర్లు, డిస్కులు, బ్యాకప్పులు చాలావరకు తుడిచిపెట్టేశారు. కంపెనీ మూతపడింది. బ్యాకప్పులు కూడా అదే ఖాతాలో ఉండటం అసలు విషాదం. ఇంటి తాళం చెవి, బీరువా తాళం చెవి ఒకే గుత్తికి కట్టి గుమ్మానికి వేలాడదీస్తే జరిగేదే జరిగింది.

అందుకే మొదటి ప్రశ్నకి జవాబుగా రూట్ ఖాతా కీలు ఎప్పుడూ ఇవ్వకూడదు. అసలు రూట్‌కి కీలు తయారు చెయ్యనే కూడదు. రూట్ అంటే ఇంటి పట్టా లాంటిది. బీరువాలో ఉండాలి, కిరాణా కొట్టుకి పట్టుకెళ్ళే వస్తువు కాదు. రూట్ లాగిన్‌కి రెండో తాళం (ఎంఎఫ్ఏ) పెట్టడాన్ని ఏడబ్ల్యూఎస్ 2024 నుంచి దశలవారీగా తప్పనిసరి చేసింది కూడా. ఇప్పుడైతే శాశ్వత కీలతో పనే లేదు. 2025 నవంబర్‌లో "ఏడబ్ల్యూఎస్ లాగిన్" అనే కొత్త కమాండు వచ్చింది. అది కొడితే బ్రౌజర్ తెరుచుకుంటుంది, మామూలుగా లాగిన్ అవుతాం, తాత్కాలిక కీలు వాటంతటవే వస్తాయి. గరిష్ఠంగా 12 గంటల తర్వాత చెల్లవు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు దీంతోనే మొదలుపెట్టండి. పాత నాలుగు ప్రశ్నల పద్ధతి ఏం అడుగుతోందో అర్థం చేసుకోవడానికి ఒకసారి చూడండి, చాలు.

ఇవన్నీ అయ్యాక మొట్టమొదట కొట్టాల్సిన కమాండు "ఏడబ్ల్యూఎస్ ఎస్‌టీఎస్ గెట్-కాలర్-ఐడెంటిటీ". అంటే, నేనెవరిని? రమణ మహర్షి జీవితమంతా అడుక్కోమన్న ప్రశ్న ఇదే కదా, ఇక్కడ అర సెకనులో జవాబొస్తుంది :) ఖాతా నంబరు, ఏ వాడుకరి పేరు మీద ఉన్నామో చెప్తుంది. వేళాకోళం పక్కన పెడితే, ఆఫీసులో నేను రోజూ పొద్దున కొట్టే మొదటి కమాండు ఇదే. టెస్టు ఖాతాలో ఉన్నాననుకుని అసలు ఖాతాలో ఏదైనా తుడిచేస్తే ఆ రోజు ఎలా ఉంటుందో ఐటీ వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. మిగతా క్లౌడుల్లోనూ ఈ ప్రశ్న ఉంది. అజ్యూర్‌లో "ఏజెడ్ లాగిన్" తర్వాత "ఏజెడ్ అకౌంట్ షో", గూగుల్‌లో "జీక్లౌడ్ ఇనిట్" తర్వాత "జీక్లౌడ్ కాన్ఫిగ్ లిస్ట్". పేర్లు వేరు, అడిగేది అదే.

ఇక మూడో ప్రశ్న, ఎక్కడ? ఇది నాకు కాస్త కోపం తెప్పించే ప్రశ్న. ఏ పాఠం చూడండి, ఏ వీడియో చూడండి, ఇక్కడ కళ్ళు మూసుకుని "యూఎస్-ఈస్ట్-1" అని కొట్టమంటారు. అంటే అమెరికాలో ఉత్తర వర్జీనియా. మన వాళ్ళు బోలెడంత మంది ఉండే యాష్‌బర్న్ చుట్టుపక్కల. పిల్లలే కాకుండా మన డేటా కూడా అటే పోవాలా? :) జహీరాబాదు నుంచి అక్కడికి 13 వేల కిలోమీటర్ల పైమాటే. ఫైబర్‌లో కాంతి సెకనుకి సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే దారి తిన్నగా ఉన్నా పోయి రావడానికే కనీసం 130 మిల్లీసెకన్లు. సముద్రం కింద కేబుళ్ళు తిన్నగా పోవు కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువే.

మరి దగ్గర్లో లేదా అంటే, మన పక్కనే ఉంది. ముంబై రీజియన్ 2016లో వచ్చింది. హైదరాబాదు రీజియన్ 2022 నవంబర్ 22న మొదలైంది. దీని కోడు "ఏపీ-సౌత్-2". తెలంగాణ వచ్చిన ఎనిమిదేళ్ళకి హైదరాబాదులో పెట్టి, పేరు మాత్రం ఏపీ ఏంటని మావాడొకడు నిజంగానే సీరియస్ అయ్యాడు. ఏపీ అంటే ఏషియా పసిఫిక్ రా నాయనా అని చెప్పి చల్లబరిచాను. 2020లో బయటికొచ్చిన పర్యావరణ అనుమతి పత్రాల్లో చందన్‌వెల్లి, మీర్‌ఖాన్‌పేట పేర్లున్నాయి. చందన్‌వెల్లి అంటే షాబాద్ మండలం. మా ఊరి నుంచి గాల్లో కొలిస్తే ఎనభై కిలోమీటర్లు. 2030 నాటికి అక్కడ 36,300 కోట్లు పెడతామని 2023 జనవరిలో ప్రకటించారు.

ఇక్కడే నా అసలు బాధ. పక్క మండలంలో వేల కోట్లతో మిషన్లు పెడుతున్నారు. మా ఊరి పిల్లలు మాత్రం వాటి పేరు కూడా తెలియకుండా వర్జీనియా అని కొడుతున్నారు. డేటా సెంటర్ గోడల లోపల పని చేసేవాళ్ళు కొద్దిమందే ఉంటారు. దాన్ని వాడటం తెలిసినవాళ్ళకే ఎక్కువ ఉద్యోగాలు. ఆ వాడటం నేర్పకపోతే మాకు మిగిలేది భూములు అమ్మిన వాళ్ళ కథలే.

ఇంకో చిక్కు కూడా ఉంది. 2019 మార్చి తర్వాత వచ్చిన రీజియన్లు మామూలుగా మూసి ఉంటాయి, మనమే తెరిపించుకోవాలి. హైదరాబాదుది కూడా అంతే. "ఏడబ్ల్యూఎస్ అకౌంట్ ఎనేబుల్-రీజియన్" అనే కమాండుకి రీజియన్ పేరిస్తే సరిపోతుంది, కాసేపటికి తెరుచుకుంటుంది. ఆ రోజు మా ముగ్గురూ ఈ కమాండు కొట్టి, అయ్యిందా లేదా అని పదే పదే అడుగుతుంటే సినిమా టికెట్ల కోసం క్యూలో నించున్నట్టే ఉంది. ఒక హెచ్చరిక: కొత్త రీజియన్లలో అన్ని సర్వీసులూ ఉండవు, రేట్లూ కొంచెం వేరు. చూసుకుని ఎంచుకోండి. ఎంచుకోవడం ముఖ్యం, ఏది ఎంచుకున్నా సరే.

ఎంచుకోకపోతే ఏమవుతుందో 2025 దీపావళి రోజు లోకమంతా చూసింది. అక్టోబర్ 20 మధ్యాహ్నం మన ఇళ్ళలో లక్ష్మీపూజకి సర్దుకుంటున్న వేళ వర్జీనియా రీజియన్లో డైనమోడీబీ అనే డేటాబేస్ సర్వీసు చిరునామా గల్లంతైంది. దాని చిరునామాలు నిర్వహించే ఆటోమేషన్‌లో రెండు పనులు ఒకదాన్నొకటి తొక్కుకుని, చివరికి ఖాళీ చిరునామా మిగిలింది. దాని మీద ఆధారపడినవన్నీ పేకమేడలా పడ్డాయి. స్నాప్‌చాట్, సిగ్నల్ లాంటివి ఆగిపోయాయి. వర్జీనియాతో సంబంధం లేదనుకున్నవాళ్ళకి కూడా వాడుకరుల అనుమతులు మార్చడంలో ఇబ్బందులొచ్చాయి, ఎందుకంటే ఆ పని చేసే కేంద్రం అక్కడే ఉంది. దీపావళి టపాసులు మనకి, మంటలు వాళ్ళకి. ఆన్-కాల్‌లో ఉన్న తెలుగువాళ్ళకి మాత్రం రెండూ :(

నాలుగో ప్రశ్న, జవాబు ఏ రూపంలో కావాలి? ఇది చూడ్డానికి ఉత్త అలంకారంలా ఉంటుంది. జేసన్, టేబుల్, టెక్స్ట్ లాంటి వాటిలో ఏదో ఒకటి కొట్టి ముందుకుపోతారు. కానీ నా దృష్టిలో అన్నిట్లోకీ ముఖ్యమైంది ఇదే. జవాబు అక్షరాల్లో వస్తుంది కాబట్టి ఒక కమాండు జవాబుని ఇంకో కమాండుకి ప్రశ్నగా ఇవ్వొచ్చు. ఇది ఎందుకు పనికొస్తుందో చెప్పడానికి మా ముగ్గురిలో ఒకడి సంగతి చెప్పాలి.

2024 వేసవిలో వాడొక వీడియో చూసి ఏదో ప్రాజెక్టు చేశాడు. అయిపోయాక సర్వరు ఆపేశాడు. నెల తిరిగేసరికి మూడు వేల చిల్లర బిల్లు. ఏ క్లౌడన్నది అనవసరం, రేట్లు ముందే రాసిపెట్టి ఉంటాయి, ఎక్కడైనా జరిగేదే. వాళ్ళ నాన్న డీసీఎం నడుపుతాడు. మూడు వేలంటే ఆ ఇంట్లో దానికో లెక్క ఉంటుంది. వీడు తన పేజీ తెరిచి చూస్తే అంతా ఖాళీ, ఏమీ లేదు. మర్నాడు చూస్తే బిల్లు ఇంకొంచెం పెరిగింది. కనపడని దయ్యం ఏదో మీటరు తిప్పుతోంది! మా ఇంటికొచ్చి "నాకు క్లౌడొద్దన్నా, నేను బ్యాంకు పరీక్షలు రాసుకుంట" అన్నాడు. మాట చిన్నదే గానీ నాకు గుచ్చుకుంది. చదువులో ముగ్గురిలోకీ వాడే చురుకు.

అప్పుడు ఒకే ఒక్క లైను రాశాం. మొదట "తెరిచి ఉన్న రీజియన్ల పేర్లన్నీ చెప్పు" అని అడగడం. వచ్చిన ప్రతి పేరుకీ "ఇక్కడ నడుస్తున్నవేమిటో చెప్పు" అని మళ్ళీ అడగడం. ఒక నిమిషం పట్టిందేమో. వాడు పని చేశాననుకున్న రీజియన్లో ఏం లేదు. వీడియో మొదట్లో ఉన్న వేరే రీజియన్లో ఒక గేట్‌వే, దానికో పబ్లిక్ చిరునామా, రెండూ నిమ్మళంగా కూర్చుని ఉన్నాయి. వాడి మొహంలో భయం పోయి కోపం వచ్చింది. అది మంచి లక్షణం. రెండూ తీసేశాడు, విషయం వాళ్ళ నాన్నకి చెప్పే బిల్లు కట్టాడు. బ్యాంకు పరీక్షలు మాత్రం వాయిదా పడ్డాయి.

ఇలాంటి ఖర్చు ఎలా పుడుతుందో ఏడబ్ల్యూఎస్ రేట్లతో లెక్క చూడండి. వర్జీనియాలో నాట్ గేట్‌వే గంటకి 0.045 డాలర్లు. వినడానికి ఏమీ కాదు. రోజుకి 24 గంటలు, నెలకి 30 రోజులు వేస్తే 32.40 డాలర్లు. దానికుండే పబ్లిక్ ఐపీ చిరునామాకి గంటకి 0.005. (2024 ఫిబ్రవరి నుంచి పబ్లిక్ ఐపీవీ4 చిరునామాలన్నిటికీ ఈ వడ్డింపు ఉంది.) నెలకి 3.60. మొత్తం 36 డాలర్లు, పైన 18 శాతం జీఎస్టీ. ఇదంతా దాంట్లోంచి ఒక్క బైటు డేటా పోకుండానే! ఇంకో తిరకాసు, గేట్‌వే తీసేసినా చిరునామా మన పేరు మీదే ఉంటుంది. దాన్ని విడిగా వదిలించుకోవాలి. అద్దె ఇల్లు ఖాళీ చేసి కరెంటు మీటరు మన పేరు మీదే వదిలేసినట్టు.

బ్రౌజర్లో ఇది కనపడదా అంటే కనపడుతుంది. అన్ని రీజియన్లూ కలిపి చూపించే పేజీ ఉంది, బిల్లు పేజీలోనూ రీజియన్ వారీగా ఉంటుంది. కానీ అది ఉందని తెలిసినవాడికే కనపడుతుంది. మిగతావాళ్ళు ఒక్కో రీజియన్‌కీ పేజీ మార్చుకుంటూ పోవాలి. మామూలుగా తెరిచి ఉండేవే 17. మా ఊరి మొబైల్ హాట్‌స్పాట్ మీద ఒక్కో పేజీ తెరుచుకునేలోపు చాయ్ తాగి రావొచ్చు. కమాండుకి పోయి వచ్చేది నాలుగు ముక్కల అక్షరాలే కాబట్టి నెట్టు ఎంత నీరసంగా ఉన్నా పని జరుగుతుంది.

అందుకే మా ఆదివారం బడిలో ఒక నియమం పెట్టాం. సర్వరు కన్నా ముందు బడ్జెట్టు. "ఏడబ్ల్యూఎస్ బడ్జెట్స్ క్రియేట్-బడ్జెట్" అని ఒక కమాండు ఉంది. నెలకి ఇంత దాటబోతే మెయిలు పంపు అని చెప్పొచ్చు, ఉత్త హెచ్చరికకి డబ్బులు తీసుకోరు. అయితే ఇది హెచ్చరికే గానీ బ్రేకు కాదు. లెక్కలు రోజుకి కొన్నిసార్లే తాజా అవుతాయి కాబట్టి మెయిలు వచ్చేలోపు ఇంకాస్త ఖర్చు కావొచ్చు. ఇంకో తమాషా, కమాండు లైను నుంచి "ఎంతయ్యింది?" అని కాస్ట్ ఎక్స్‌ప్లోరర్‌ని అడిగితే అడిగిన ప్రతిసారీ ఒక సెంటు. సేటు లెక్క చెప్పడానికి కూడా డబ్బులు తీసుకున్నట్టు :)

ఇప్పుడు మొదలుపెట్టేవాళ్ళు కాస్త అదృష్టవంతులు. 2025 జూలై 15 తర్వాత తెరిచే కొత్త ఖాతాల్లో ఫ్రీ ప్లాన్ ఎంచుకుంటే ఆరు నెలలు, లేదా ఇచ్చిన క్రెడిట్లు అయ్యేదాకా, జేబులోంచి కట్టేది ఉండదు. చేరగానే 100 డాలర్లు, చెప్పిన పనులు చేస్తే ఇంకో 100 దాకా. ఆ పనుల్లో బడ్జెట్ పెట్టుకోవడం కూడా ఒకటి. సొంత లాప్‌టాప్ సరిగ్గా లేనివాళ్ళకి క్లౌడ్‌షెల్ ఉంది, 2020 డిసెంబర్‌లో వచ్చింది. బ్రౌజర్లోనే నల్ల తెర, సాధనాలన్నీ ముందే వేసి ఉంటాయి, రీజియన్‌కి ఒక జీబీ దాచుకోవచ్చు. కాలేజీ ల్యాబులో కూర్చుని కూడా నేర్చుకోవచ్చన్నమాట. మా ఒకటిన్నర లాప్‌టాప్‌ని రెండు చేసింది ఇదే.

ఇక బయట కోచింగుల సంగతి. పేరెందుకు గానీ, మావాళ్ళలో ఒకడు ఒక చోట ఫీజు కట్టి తెచ్చుకున్న నోట్సు చూశాను. నూట ఇరవై పేజీలు, మొత్తం తెర బొమ్మలు. ఇక్కడ నొక్కు, తర్వాత ఎడమ పక్కన నారింజ బటన్ నొక్కు. ఈలోపు పేజీ రూపం మారిపోయింది, నారింజ బటన్ ఎటో పోయింది, కట్టిన ఫీజూ దాంతోపాటే. 2013 నాటి కమాండ్లు చాలావరకు ఇప్పటికీ అలాగే పనిచేస్తున్నాయి. తెర బొమ్మని వాట్సాప్‌లో పంపితే చూసి మెచ్చుకోవాలి, కమాండుని పంపితే నడిపించి చూడొచ్చు. పైగా వాక్యానికి అర్థం అడగొచ్చు. ఈ మాట ఎందుకుంది, ఆ మాట తీసేస్తే ఏమవుతుంది అని. బటన్‌ని ఏమని అడుగుతాం?

మా ఊరి పక్కనే పస్తాపూర్ ఉంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళా రైతులు దశాబ్దాలుగా చిరుధాన్యాల విత్తనాలు ఇళ్ళలోనే దాచుకుంటున్నారు. లేనివాళ్ళు తీసుకెళ్తారు, పంటొచ్చాక తీసుకున్న దానికన్నా ఎక్కువ తిరిగిస్తారు. 2019లో ఈ సంస్థకి ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ ప్రైజ్ కూడా వచ్చింది. మేం కూడా మా కమాండ్లన్నీ ఒక ఫైల్లో దాచుకుంటున్నాం. ప్రతి దాని పైన ఇది ఏం చేస్తుందో, ఎంత ఖర్చవుతుందో, ఎలా తీసెయ్యాలో తెలుగులో మూడు ముక్కలు. (ఇవి కామెంట్లు కాబట్టి యంత్రానికి అభ్యంతరం లేదు.) కీలు మాత్రం అందులో ఉండకూడదు, అది మొదటి షరతు. తీసుకున్నవాడు కనీసం ఒక్కటైనా కొత్తది కలిపి ఇవ్వాలి, అది రెండోది.

"ఇదంతా ఎందుకు, ఏఐని అడిగితే రాసిస్తుంది కదా?" అని అడుగుతారని తెలుసు. రాసిస్తుంది, నేనూ వాడతాను. కానీ అది రాసిచ్చేది కూడా కమాండే! ఎంటర్ కొట్టేది మనం, బిల్లు కట్టేది మనం. చదవడం రానివాడు ఏ కాగితం మీదైనా వేలిముద్ర వేస్తాడు. కనీసం ఏ ఖాతా, ఏ రీజియన్, ఏం తీసేస్తోంది అన్న మూడూ చదివి ఎంటర్ కొట్టండి. సర్వర్ల కమాండ్లలో చాలావాటికి "డ్రై-రన్" అని ఒక తోక ఉంటుంది. అది తగిలిస్తే పని చెయ్యదు, ఆ పని చేసే అనుమతి ఉందో లేదో మాత్రం చెప్తుంది. "టెర్రాఫామ్ ఉండగా ఈ పాతకాలం పనులెందుకు?" అనే సీనియర్లకి కూడా ఇదే జవాబు. ఆఫీసులో అదే వాడాలి, సందేహం లేదు. కానీ కూడికలు రాకుండా క్యాలిక్యులేటర్ ఇస్తే తప్పొచ్చినప్పుడు తప్పని తెలియదు.

మా దగ్గర తెల్లవారక ముందు చీకట్లో లేస్తే "మబ్బుల లేచిండు" అంటారు. ఆ మబ్బుకీ ఈ మబ్బుకీ సంబంధం లేదు గానీ, కొత్తలో ఉండేది అదే చీకటి. మన ఊళ్ళ పిల్లల్ని క్లౌడు నుంచి తరిమేది కష్టమో, ఇంగ్లీషో, ఆ నల్ల తెరో కాదు. కనపడని బిల్లు. నాన్న కార్డు మీద ఎక్కడో ఏదో తిరుగుతోందన్న భయం. నువ్వెవరు, రుజువేది, ఎక్కడ, ఎలా అన్న నాలుగు ప్రశ్నలకీ జవాబు చెప్పుకోగలిగినవాడికి ఆ భయం ఉండదు.

మీ ఊళ్ళో కూడా ఇలాంటి ముగ్గురు ఉండే ఉంటారు. ఒక ఆదివారం వాళ్ళకిచ్చి చూడండి. లాప్‌టాప్ ఒకటిన్నర ఉన్నా చాలు. ముందు బడ్జెట్టు, తర్వాతే సర్వరు. మీ ఫైల్లో మంచి కమాండ్లుంటే, కీలు తీసేసి, మాక్కూడా పంపండి :)